‘తూర్పు: సముద్రం’ అని రాసి ఉన్న దస్తావేజుల గురించి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మిర్యాలగూడ మిల్లుల మీదనో, బత్తాయి తోట అమ్మకం మీదనో, జడ్చర్ల దగ్గర రోడ్డు పక్క ప్లాటు మీదనో నాలుగు పైసలు చేతికొచ్చినవాళ్ళు ఈమధ్య సముద్రం ఒడ్డున ఇల్లు కొందామని భీమిలి, సూర్యలంక, గోవా వైపు చూస్తున్నారు. పత్రికల ఆదివారం పేజీల్లో ఆ ప్రకటనలన్నీ ఒకే మూసలో ఉంటాయి: ‘జమీందారు కట్టించిన బంగళా, తరవాత తెల్లదొర వేసవి విడిది, ఇప్పుడు అన్ని హంగులతో రిసార్టు విల్లా’ అని. ఆ కథకు ముచ్చటపడి బయానా (అడ్వాన్సు) ఇచ్చేసి, ఆ తరవాత జిరాక్సు కట్ట పట్టుకొని ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మాలాంటి దస్తావేజు లేఖకుల దగ్గరికో సర్వేయర్ల దగ్గరికో వచ్చేవారి కోసం ఈ ఉత్తరం. కాగితాలు ముందు, బయానా తరవాత. ఆ వరస తప్పాక చేయగలిగింది తక్కువ.

ఇంటికి వందేళ్ళ వయసు అంటగట్టడం ఉత్త ముచ్చట కోసమే అనుకుంటారు చాలామంది. దాని వెనక లెక్క వేరే ఉంది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ తెచ్చింది. సీఆర్‌జెడ్ అని అందరూ అనేది దాన్నే. పెద్ద పోటు మీద సముద్రపు నీళ్ళు ఎక్కే చివరి గీత ఉంటుంది చూడండి, ఆ పోటు గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా అది వర్తిస్తుంది. పట్టణంగా పెరగని తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు. అప్పటికే అనుమతితో ఉన్న ఇంటిని బాగుచేసుకోవచ్చు, అదీ ఉన్న ప్లింత్ (ఇల్లు నేల మీద ఆక్రమించిన) విస్తీర్ణం పెరగకుండా. అంటే అలల చప్పుడు వినిపించే దూరంలో కొత్త విల్లా పుట్టే వీలు లేదు, పాత ఇల్లు ‘బాగుపడాలి’ అంతే. పాత యజమానుల కథ అవసరం పడేది అక్కడే. కొనేవాడికి అది కాలక్షేపం, అమ్మేవాడికి అది అనుమతి పత్రం.

ఆ నోటిఫికేషన్‌ను 2011 జనవరి 6న ఒకసారి, 2019 జనవరి 18న మరోసారి తిరగరాశారు. 2019 దాంట్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ ఉన్న పల్లె ప్రాంతాలకు ఆ 200 మీటర్లు 50కి తగ్గాయి. మిగతా పల్లెలకు 200 అలాగే ఉంది. ఏజెంట్లు అందరికీ ‘ఇప్పుడు 50 మీటర్లే సార్’ అని చెబుతున్నారు. ఏ ఊరు ఏ తరగతిలోకి వస్తుందో, ఆ ప్రకారం రాష్ట్ర తీర నిర్వహణ పటానికి ఆమోదం ఉందో లేదో చూడకుండా ఆ మాట నమ్మొద్దు. కేరళలో కొచ్చి పక్కన మరడులో ఈ నియమాలకు విరుద్ధంగా కట్టిన నాలుగు పెద్ద అపార్టుమెంట్ సముదాయాలను కూల్చాలని 2019 మే 8న సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో మందుగుండు పెట్టి కూల్చేశారు. అక్కడి కొనుగోలుదారులకు రిజిస్ట్రేషన్ ఉంది, కరెంటు ఉంది, పన్ను రసీదు ఉంది. ఏదీ ఆపలేదు.

అందుకని సముద్రం ఒడ్డున ఇంటి చరిత్ర చదవడమంటే ఎవరి తరవాత ఎవరు అని పేర్లు పేర్చడం ఒక్కటే కాదు. చేయి మారిన ప్రతిసారీ ఆ ఇల్లు ఎంతుందో కూడా చూడాలి. ఒక తెల్లకాగితం మీద మూడు గీతలు గీసి నాలుగు వరసలు చేసుకోండి: దస్తావేజు తేదీ, అమ్మినవారు–కొన్నవారు, స్థలం విస్తీర్ణం, కట్టడం వివరం. ఉదాహరణకు 1968 కాగితంలో ‘మంగుళూరు పెంకుటిల్లు, 60 చదరపు గజాలు’ అని, 1994 కాగితంలో ‘ఆర్‌సీసీ స్లాబు, 110 గజాలు’ అని, 2016 కాగితంలో ‘కింద, పైన కలిపి 3,200 చదరపు అడుగుల విల్లా’ అని ఉందనుకోండి. పేర్ల వరస ఎంత చక్కగా కుదిరినా నాలుగో వరస గుట్టు విప్పేస్తుంది. 60 గజాలంటే 540 చదరపు అడుగులు. మిగతా 2,660 అడుగులు ఎప్పుడు, ఎవరి అనుమతితో లేచాయి? ఇళ్ళ దస్తావేజులకు అనుబంధంగా పెట్టే 1-ఏ ఫారంలో కట్టడం వయసు, ప్లింత్, పైకప్పు రకం రాస్తారు. స్టాంపు సుంకం తగ్గించుకోవడానికి వయసు ఎక్కువ చూపించడం, విస్తీర్ణం తక్కువ చూపించడం అమ్మకందార్లకు అలవాటు. ఒకే ఇంటికి ఒక దస్తావేజులో 15 ఏళ్ళ వయసు, పదేళ్ళ తరవాతి దస్తావేజులో 60 ఏళ్ళ వయసు కనబడితే రెండూ నిజం కాలేవు కదా.

మన దగ్గర భూమి చూసే పద్ధతి అక్కడ పనిచేయదు. ఇక్కడ 1954–55 ఖాస్రా పహాణి (ఏ భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసిన రెవెన్యూ లెక్క) తీస్తాం, తరవాత చేసాల పహాణి, అవసరమైతే వెనక్కి సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు) దాకా పోతాం. పాత రెవెన్యూ లెక్కల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపి ఇంగ్లిషు సంవత్సరం పట్టుకుంటాం. ఖాస్రా పహాణి రాసిన నాటికి భీమిలి, బాపట్ల హైదరాబాదు రాష్ట్రంలో లేవు కాబట్టి అక్కడ ఖాస్రా పహాణి అడిగితే అమ్మేవాడు నవ్వుతాడు. అడగాల్సింది వేరే: రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే) గ్రామమైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, జమీందారీ నుంచి వచ్చిన గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. దానితోపాటు ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ పటం, మన టిప్పన్ లాంటిది, పొలం కొలతలు గీసి ఉండేది. అందులో కొలతలు పాతవైతే లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు. మన టిప్పన్ గొలుసు 33 అడుగులు, దానికి 16 ఆణాలు. ఇక్కడి లెక్కతో అక్కడి పటం కొలిస్తే పొడవు సగానికి సగం తేడా పడుతుంది. సెంట్లు, గుంటల గొడవ ఇంకా ఎక్కువ. వంద సెంట్లు ఎకరం, 40 గుంటలు ఎకరం. పది సెంట్లంటే 484 గజాలు, పది గుంటలంటే 1,210 గజాలు. ‘పది’ అన్న అంకె ఒక్కటే చెవినేసుకొని ధర మాట్లాడినవాళ్ళు ఉన్నారు.

రీసర్వే జరిగిన అక్కడి గ్రామాల్లో ఇప్పుడు సర్వే నంబర్లకు బదులు ల్యాండ్ పార్సెల్ (భూమి ముక్క) నంబర్లు, అంటే ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్తది ఏదో చూపించే జాబితా చేతిలో లేకుండా ముందుకు కదలొద్దు.

ఇక ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) సంగతి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి మాత్రమే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అర్జీ పెట్టి సంవత్సరాల వారీగా చేతి సూచికల్లో వెతికించుకోవాలి. ఆస్తి సూచిక వేరు, పేర్ల సూచిక వేరు, రెండూ వెతికించండి. వెతికేటప్పుడు సర్వే నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, పాత ఇంటి నంబరుతో మరోసారి అడగాలి. కార్యాలయాల హద్దులు మారాయి. ఒక ఊరు ఒకప్పుడు ఏ కార్యాలయం కింద ఉండేదో కనుక్కొని అక్కడ కూడా అడగాలి. ఆస్తిపై లావాదేవీలుంటే 15వ ఫారం ఇస్తారు, ఏమీ దొరక్కపోతే 16వ ఫారం. ఏమీ లేదన్న 16వ ఫారం చేతికొస్తే మనవాళ్ళు కొబ్బరికాయ కొట్టినంత సంబరపడతారు. మూడు చేతులు మారిందని అమ్మేవాడే చెప్పిన ఇంటికి ఖాళీ ఈసీ వచ్చిందంటే ఇల్లు శుభ్రంగా ఉందని కాదు, వెతికిన నంబరు తప్పని. ఆ ముగ్గురి పేర్లూ ఈసీలో కనబడినప్పుడే సరైన గది తలుపు తట్టామని నమ్మాలి.

వీలునామా ఈసీలోకి ఎక్కదు. అమ్మకాలు, దానాలు, పంపకాలు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి నకలు ఎవరు అడిగినా ఇస్తారు. వీలునామాలు మూడో పుస్తకంలో. రాసినవారు బతికుండగా ఇంకొకరికి నకలు ఇవ్వరు, చనిపోయాక అర్జీ పెట్టిన ఎవరికైనా ఇస్తారు. ‘మా తాత వీలునామా ద్వారా సంక్రమించిన’ అని ఉన్నచోట ఆ నకలు తీయకుండా వదలొద్దు. తాత రెండో వీలునామా రాసి ఉండొచ్చు.

పాత అసలు దస్తావేజు చేతికిస్తే ముందు వెనక్కి తిప్పండి. ముందు పేజీలో ఉన్నది వాళ్ళు రాయించుకున్నది, వెనక ఉన్నది సర్కారు రాసింది. స్టాంపు కాగితం వెనక పైభాగాన స్టాంపు వెండరు రాసిన వరస ఉంటుంది: క్రమసంఖ్య, అమ్మిన తేదీ, ఎవరికి అమ్మాడు, ఎవరి నిమిత్తం, లైసెన్సు నంబరు, సంతకం. ఆ తేదీ దస్తావేజు తేదీ కంటే ముందుదో, అదే రోజుదో అయి ఉండాలి. తరవాతిది అయితే కాగితం పక్కన పెట్టేయొచ్చు. ఆరు నెలలు దాటిన స్టాంపు కాగితం మీద రాసింది చెల్లదని కొందరు భయపెడతారు. ఆ ఆరు నెలలు వాడని కాగితానికి డబ్బు వాపసు అడగడానికి పెట్టిన గడువు మాత్రమే. వెండరు రాసిన వరస కింద రిజిస్ట్రారు ముద్ర: ఏ రోజు, ఏ గంటల మధ్య దాఖలు చేశారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు గుర్తించారు, బొటనవేలి ముద్ర, చివరికి ‘1వ పుస్తకం, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలు, ఫలానా నంబరు’. ఈ నాలుగు అంకెలూ రాసుకొని కార్యాలయం నుంచి నకలు తెప్పించి, అసలుతో అక్షరం అక్షరం పోల్చండి. స్కానింగు రాకముందు దస్తావేజును చేత్తో వాల్యూములోకి ఎత్తిరాసేవారు. అసలులో తరవాత దిద్దిన విస్తీర్ణం, కలిపిన ఒక హద్దు ఆ వాల్యూములో ఉండవు.

కాగితం వయసు పట్టుకునే చిన్న గుర్తులు ఇంకొన్ని చెబుతాం, ఇవి చదవడానికి సరదాగా ఉంటాయి గానీ లక్షలు కాపాడతాయి. 1953 అక్టోబరు 1కి ముందు కాగితంలో ‘ఆంధ్ర రాష్ట్రం’ ఉండదు, మద్రాసు పేరే ఉంటుంది. 1956 నవంబరు 1కి ముందు ‘ఆంధ్రప్రదేశ్’ ఉండదు. ధర, స్టాంపు విలువ అణాల్లో కాకుండా నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ తరవాతిది. చిరునామా చివర ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతిది. ‘విజయనగరం జిల్లా’ అని ఉంటే 1979 జూన్ తరవాతిది. తాలూకా పోయి మండలం వచ్చింది 1985లో. 1974 నాటిదని చూపించే ఒప్పందంలో ‘భీమునిపట్నం మండలం’ అని టైపు కొట్టి ఉంటే ఆ టైపిస్టుకు పదకొండేళ్ళ ముందుచూపు ఉందని అనుకోవాలి! కొన్నవారు, అమ్మినవారి ఫొటోలు, వేలిముద్రలు దస్తావేజుకు తప్పనిసరి అయింది 2001 సవరణ తరవాత. అంతకు ముందువాటిలో ఫొటో లేదని అనుమానించనక్కర్లేదు.

యజమానుల గొలుసు ఎక్కడ తెగుతుందో ఇప్పుడు చెబుతాం. మొదటి చోటు జమీందారీ. మన దగ్గర జాగీర్లు 1949లో రద్దయినట్టే అక్కడ 1948 మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. ఇక్కడి సంస్థానాల కట్టడాలు చాలావరకు ఊరంతా ఎరిగిన దారిన పోయాయి: వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ అయింది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. అక్కడ చట్టం ఒక తేడా పెట్టింది. జమీందారు ఎస్టేటు కచేరీగా (కార్యాలయంగా) మాత్రమే వాడిన భవనం సర్కారుకు పోయింది, సొంత భవనం ఆయనకే మిగిలింది. బీళ్ళు, పోరంబోకు, ఇసుక దిబ్బలు సర్కారుకు పోయాయి. అందుచేత ‘జమీందారు బంగళా’ అన్నచోట రెండు ప్రశ్నలు వేయాలి: అది ఆయన ఉన్న ఇల్లా, కచేరీయా? ఇల్లే అయితే కాంపౌండులో ఇంటి చుట్టూ ఉన్న నేల ఆయన పేర ఖరారైందా, లేక పోరంబోకుగా నమోదైందా? ఇల్లు నిఖార్సయినదై, దాని ముందున్న సరుగుడు తోట మొత్తం సర్కారుది కావడం వింతేమీ కాదు. విశాఖ బీచ్ రోడ్డు మీది జయపురం రాజావారి హవామహల్ లాంటి పేరున్న కట్టడాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. బ్రోకర్ల నోట మాత్రం పెంకుటిళ్ళన్నీ రాజావారివే.

రెండోది తెల్లదొర. భీమిలి 1825లో డచ్చివాళ్ళ నుంచి ఇంగ్లిషువాళ్ళ చేతికొచ్చిన రేవు కాబట్టి దొరల ఇళ్ళు ఉండటం నిజమే. కానీ విదేశీ పౌరుడు 1974 జనవరి నుంచి 2000 మే దాకా, అంటే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) అమల్లో ఉన్న కాలంలో, ఇక్కడి స్థిరాస్తిని అమ్మాలన్నా దానం ఇవ్వాలన్నా రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలి. అది లేని బదిలీ చెల్లదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ‘దొరసాని పోతూ పోతూ వంటమనిషికి రాసిచ్చింది’ అనే కథ వినడానికి బాగుంటుంది. ఆ అనుమతి లేఖ చూపించమంటే కథ ఆగిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పంపే జీపీఏకి (తమ తరఫున వ్యవహరించమని ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీకి) కూడా ఒక మెలిక ఉంది. విదేశంలో రాసిన కాగితం ఈ దేశంలో చేతికందిన మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవాలి. ఇక సొంతంగా జీపీఏ మీదనే ఇల్లు ‘కొన్నాను’ అనేవాడి దగ్గర కొనడమంటే గాలి కొనడమే. జీపీఏ అమ్మకం హక్కు ఇవ్వదని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మూడోది కంపెనీ. రిసార్టు విల్లాల్లో ఇది మామూలు. భూమి ఒక కంపెనీ పేర ఉంటుంది, ఆ కంపెనీ వాటాలు చేతులు మారతాయి. ఈసీలో ఇరవై ఏళ్ళుగా ఒకే పేరు, నిజంగా యజమానులు నలుగురు మారి ఉంటారు. కంపెనీ తాకట్లు రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర చూడాలి, బ్యాంకులో కాగితాలు కుదువ పెట్టి తీసిన అప్పు తాకట్ల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో చూడాలి. అసలు లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటి కాగితాలు) అడిగితే ‘లాకర్లో ఉన్నాయి’ అని జిరాక్సులే ఇస్తుంటే ఆ లాకరు బ్యాంకు వాళ్ళది కావొచ్చు. మీకిచ్చేది విల్లా హక్కా, దాని కింద నేలలో విడదీయని వాటా కూడా ఉందా, లేక పేరుకు అమ్మకమే గానీ లోపల దీర్ఘకాలపు లీజా అన్నది దస్తావేజులోని ఆస్తి షెడ్యూలు చదివితే తెలిసిపోతుంది. బ్రోచరు చదివితే తెలియదు.

ఆడపిల్లల వాటా, మైనర్ల వాటా ఇక్కడ ఎట్లానో అక్కడా అట్లానే, కొత్తగా చెప్పేది లేదు. పేదలకిచ్చిన డి-పట్టా భూములు 1977 అసైన్డ్ భూముల చట్టం కిందికి వస్తాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత జాబితా, అదే 22-ఏ, సర్వే నంబరు కొట్టి చూస్తే రెండు నిమిషాల పని. విశాఖ పట్టణ పరిధిలోని పెద్ద కాంపౌండు 1976 ప్రాంతంలో హఠాత్తుగా ఐదారుగురు బంధువుల పేర ముక్కలై ఉంటే అది పట్టణ భూపరిమితి చట్టం భయంతో చేసిన పంపకం కావొచ్చు. మిగులు భూమిగా తేలిందేమో ఆ ఫైలు కూడా అడగాలి.

ఇక ఈ ఉత్తరం పేరులో ఉన్న హద్దు. ‘ఉత్తరం: ఫలానావారి స్థలం, దక్షిణం: దారి, పడమర: బీచ్ రోడ్డు, తూర్పు: సముద్రం.’ చదవడానికి ఎంత బాగుందో కొనడానికి అంత ప్రమాదం. మన గెట్టు రాయి కదిలితే పంచాయితీ పెడతాం, సముద్రం కదిలితే ఎవరిని పిలుస్తాం? పట్టా నేలకూ నీళ్ళకూ మధ్య సాధారణంగా సర్కారు పోరంబోకు ఉంటుంది, దాన్ని మింగేసి రాసినప్పుడే తూర్పు హద్దు సముద్రమవుతుంది. కొలత ఎప్పుడూ పడమర నుంచి, అంటే రోడ్డు వైపు కదలని రాయి నుంచో, ఎఫ్‌ఎంబీలోని మూడు సర్వే నంబర్లు కలిసే చోటి రాయి నుంచో మొదలుపెట్టాలి. అక్కడి నుంచి దస్తావేజులో ఉన్న పొడవు కొలుచుకుంటూ పోతే మేకు ఎక్కడ పడుతుందో చూడండి. తడి ఇసుకలో పడితే ఆ భాగానికి డబ్బు కట్టక్కర్లేదు. ఉప్పాడ తీరంలో సముద్రం ఊరి మీదికి ఏళ్ళ తరబడి వచ్చేస్తోంది. అలాంటిచోట సర్వే నంబరు కాగితం మీద పూర్తి విస్తీర్ణంతో ఉంటుంది, నేల మాత్రం నీళ్ళ కింద ఉంటుంది. కొలత ఎండాకాలంలో ఒక్కసారి చేసి ఊరుకోవద్దు, పున్నమికో అమావాస్యకో పోటు సమయంలో ఒడ్డున నిలబడి చూడండి. చట్టం లెక్కించే పోటు గీత మాత్రం మన కంటితో చూసేది కాదు. ఆమోదించిన తీర పటం మీద ఉన్నదే లెక్క. ఆ పటాలు 1:25,000 స్కేలువి, వాటి మీద ఒక మిల్లీమీటరు నేల మీద 25 మీటర్లు. పెన్ను గీత మందం ఒక ఇంటిని లోపలా వేస్తుంది, బయటా వేస్తుంది. అందుకే సర్వే నంబర్లతో కలిపి 1:4,000 స్కేలులో అధీకృత సంస్థ గీసిన పటం అడగాలి.

కట్టడాన్ని కూడా కాగితంలా చదవొచ్చు. మొలతో గోడ సందు గీకి చూడండి. సున్నపు గచ్చు తెల్లగా పొడిలా రాలుతుంది, సిమెంటు బూడిద రంగులో గట్టిగా ఉండి మొలను ఆపుతుంది. వందేళ్ళ బంగళా అన్నారు, నాలుగు గోడలూ సిమెంటే, కప్పు ఆర్‌సీసీ. అప్పుడు వందేళ్ళది ఇల్లు కాదు, పునాది. ఒక్కోసారి అదీ కాదు. పాత కప్పు అయితే టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చిన మద్రాసు టెర్రస్ కనబడాలి. పెంకు వెనక కంపెనీ పేరు, మంగుళూరు అని అచ్చు ఉందని చూపిస్తారు. పెంకులు ఎక్కడినుంచైనా తెచ్చి పరచొచ్చు, దాన్ని రుజువు అనుకోవద్దు. పన్ను రిజిస్టరు, కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీ, ఆమోదించిన ప్లాను, ఈ మూడింటిలో ఒకటైనా 1991 ఫిబ్రవరికి ముందుది కావాలి. భీమిలిలో 1861లోనే మున్సిపాలిటీ ఏర్పడింది, పన్ను లెక్కలు అక్కడ కొత్త విద్య కాదు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే చాలాచోట్ల 2000 తరవాత ఇంటి కప్పు ఎలా పెరిగిందో కనబడుతుంది. 1991 దాకా అది పోదు గానీ, 2014 హుద్‌హుద్ తుపాను ముందు చిన్న పెంకుటిల్లు, తరవాత పెద్ద స్లాబు ఉంటే ‘మరమ్మతు’ అన్న మాటకు అర్థం అక్కడే దొరుకుతుంది.

స్లాబు అడుగున చూడండి. కడ్డీ వెంబడి గోధుమరంగు గీత, దాని పక్కన వెంట్రుకవాసి పగులు, చేత్తో తడితే డొల్ల చప్పుడు. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి కడ్డీకి తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకొని పెచ్చు ఊడగొడుతుంది. ఊడినచోట స్కేలు పెట్టి కడ్డీ మీద ఎంత మందం ఉందో కొలవండి. మన దగ్గర స్లాబుకు 20 మిల్లీమీటర్లు ఇచ్చి సరిపెడతారు. తీరంలో భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 45, తుంపర్లు తగిలేచోట 50, కాంక్రీటు బలం ఎం30 గ్రేడు, తుంపర్లు తగిలేచోట ఎం35 కంటే తక్కువ కాకూడదు. రంగు వేసి కప్పేశారేమోనని బీరువా వెనక, మేడమెట్ల కింద, నీళ్ళ ట్యాంకు అడుగున చూడాలి. రంగులవాళ్ళు అక్కడికి పోరు. గోడ కింది మూడడుగుల్లో తెల్లటి ఉప్పు పూత పదేపదే తేలుతుంటే సముద్రపు ఇసుకతో కట్టి ఉండొచ్చు. దాన్ని ఏ ప్రైమరూ ఆపదు.

గోవా గురించి ఒక్క ముక్క. అక్కడ పోర్చుగీసు సివిల్ కోడు ఇంకా నడుస్తోంది, ఆస్తి మామూలుగా భార్యాభర్తలిద్దరి ఉమ్మడి. పేరు ఒకరిదే ఉన్నా ఇద్దరూ సంతకం చేయాలి. 1961 డిసెంబరుకు ముందు దస్తావేజులు పోర్చుగీసులో ఉంటాయి, అనువాదం ధ్రువీకరించి ఇప్పించమనండి. పహాణి బదులు అక్కడ చూడాల్సింది ఫారం 1, 14. అందులో కౌలుదారు గడిలో పేరుంటే మన రక్షిత కౌలుదారు సంగతి గుర్తు తెచ్చుకోండి.

పత్రికకు మా వినతి ఒకటి. తీరం విల్లాల ప్రకటనల్లో సర్వే నంబరు, గజాల్లో విస్తీర్ణం, ప్రస్తుత యజమాని దస్తావేజు నంబరు, పోటు గీత నుంచి దూరం, ఈ నాలుగూ లేనివి వేయనని మీరు పట్టుబడితే సగం కథలు అచ్చుకే రావు. బయానా ఇచ్చే తీరాలి అనుకున్నవారు బయానా కాగితంలో మూడు వాక్యాలు రాయించుకోండి: అసలు లింకు దస్తావేజులు ఇన్ని రోజుల్లో చూపించాలి, 1:4,000 తీర పటం అమ్మేవారి ఖర్చుతో తేవాలి, 1991కి ముందు ప్లింత్ రుజువు కాకపోతే బయానా మొత్తం వెనక్కి. మూడో వాక్యానికి ఒప్పుకోని అమ్మకందారుతో మాట అక్కడే ఆపేయండి.

ఇట్లు,
కొందరు దస్తావేజు లేఖకులు, సర్వేయర్లు
నల్లగొండ, మహబూబ్‌నగర్